తక్కువ ఖర్చులో తళుకుల క్రిస్మస్ చెట్టు



డిసెంబరు నెల వచ్చిందంటే మన సరిహద్దు సీమకు ఒక కళ వస్తుంది. తెల్లవారుజామున నంది కొండ మంచులో మునిగి కనిపించదు. కళ్ళాల్లో రాగి నూర్పిళ్ళు జరుగుతుంటాయి. సంతకు వెళ్తే అనపకాయల వాసన. ఇదే నెలలో చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి బజార్లలో మరో సరకు కూడా కొట్ల ముందు వేలాడుతుంది. రంగు కాగితాల నక్షత్రాలు, మెరుపు తోరణాలు, పెట్టెల్లో మడిచిపెట్టిన ప్లాస్టిక్ చెట్లు. వాటి ముందు ఒక బిడ్డ తల్లి కొంగు పట్టుకుని నిలబడిపోతుంది. “అమ్మా, మనకూ చెట్టు కావాలి” అంటుంది. తల్లి ధర అడుగుతుంది. విని, బిడ్డ చెయ్యి పట్టుకుని ముందుకు నడుస్తుంది.

ఈ పూట ఆ తల్లితో నాలుగు మాటలు చెప్పుకుందామని వచ్చాను. అప్పు చెయ్యకుండా, పచ్చని చెట్టు కొట్టకుండా, ఇంటికి నిప్పు భయం లేకుండా, తళతళలాడే క్రిస్మస్ చెట్టును మన చుట్టూ దొరికే వస్తువులతోనే ఎలా చేసుకోవచ్చో చెబుతాను. కొన్ని కొలతలు కూడా చెప్పవలసి ఉంది కాబట్టి వీలైతే ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ముందుగా, ఈ చెట్టు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ఇది మన దేశపు ఆచారం కాదు. జర్మన్ భాష మాట్లాడే ప్రాంతాల్లో పుట్టింది. స్ట్రాస్‌బర్గ్ నగరంలో జనం పండుగకు ఇళ్ళలో చెట్టు నిలిపి, దానికి కాగితపు గులాబీలు, ఆపిల్ పళ్ళు, పలచని అప్పడాల వంటివి, తగరపు తళుకులు, చక్కెర మిఠాయిలు కట్టేవారని 1605 నాటి ఒక రాతలో ఉంది. చూడండి, నాలుగు వందల ఏళ్ళ కిందట కూడా కాగితం, పండు, తగరం ముక్క. అంతే. 1848లో లండన్ పత్రిక ఒకటి విక్టోరియా రాణి, ఆల్బర్ట్ ప్రభువు పిల్లలతో కలిసి చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మను అచ్చువేసింది. రాజు ఇంట్లో ఉన్నది మన ఇంట్లోనూ ఉండాలని ఇంగ్లండులో జనం అనుకున్నారు. అక్కడి నుంచి మిషనరీలతో, దొరలతో, అధికారులతో ఆ ఆచారం మన దేశానికీ చేరింది. చిక్కబళ్ళాపురంలో లండన్ మిషన్ వారు ఆసుపత్రి పెట్టిన సంగతి ఈ ప్రాంతం పెద్దలకు తెలిసిందే. నేటికీ దాన్ని సి.ఎస్.ఐ. ఆసుపత్రి అంటున్నాం.

ఈ చెట్టు తళుకుల గురించి రెండు కథలు చెప్పుకుంటారు. రెండూ లేనివారి ఇళ్ళ కథలే. జర్మనీలో లౌషా అనే ఊరు గాజు ఊదే పనివారి ఊరు. అక్కడ ఒక పనివాడికి చెట్టుకు కట్టడానికి ఆపిల్ పళ్ళు, అక్రోట్ కాయలు కొనే స్తోమత లేక, తన కొలిమి దగ్గరే గాజుతో పళ్ళు ఊది కట్టాడట. కథ సంగతి ఎలా ఉన్నా, మనం నేడు చూసే మెరిసే గాజు గుండ్లు పందొమ్మిదో శతాబ్దం నడుమ ఆ ఊరి నుంచే లోకానికి వెళ్ళాయి. రెండో కథ ఉక్రెయిన్ దేశపు పల్లెల్లోది. ఒక పేద విధవరాలి గుడిసెలో చెట్టు ఉంది గానీ, దానికి కట్టడానికి ఏమీ లేదు. పిల్లలు దిగులుగా పడుకున్నారు. రాత్రి సాలెపురుగులు చెట్టంతా గూళ్ళు అల్లాయి. తెల్లవారి ఎండ పడేసరికి ఆ దారాలు వెండిలా, బంగారంలా మెరిశాయట. అందుకే అక్కడ నేటికీ చెట్టు మీద సాలెపురుగు బొమ్మ ఒకటి పెడతారు.

ఈ కథ విన్నప్పుడల్లా నాకు మన జిల్లా గుర్తుకు వస్తుంది. ఎందుకంటే మన ఇళ్ళలోనూ ఒక పురుగు దారం అల్లుతుంది. మనకు తిండి పెట్టేది ఆ దారమే. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇక చెట్టు. చాలామంది చేసే మొదటి పొరపాటు ఇక్కడే. ఎవరి చేను గట్టు మీదో ఉన్న సర్వి చెట్టు, అదే కోస్తావారు సరుగుడు అనేది, దాని తల కొట్టి తెచ్చుకుంటారు. చూడడానికి క్రిస్మస్ చెట్టులాగే ఉంటుంది, నిజమే. కానీ సర్వి చెట్టుకు విలువ దాని నిటారైన బొంగులో ఉంది. తల కొట్టాక అది నిటారుగా ఎదగదు, పక్క కొమ్మలు వేస్తుంది. మూడు నాలుగేళ్ళు పెంచిన రైతుకు అది నష్టం. రోడ్డు పక్క చెట్టు, అడవి భూమిలో చెట్టు అయితే అనుమతి లేకుండా కొట్టనే కూడదు. పైగా కొట్టిన కొమ్మ నాలుగు రోజులకే ఎండి, పుల్ల పుల్లా రాలుతుంది. ఎండిన సర్వి ఆకు ఎంత తొందరగా అంటుకుంటుందో పొయ్యి రాజేసినవారికి చెప్పనక్కరలేదు.

అది నేను కళ్ళారా చూశాను. మాది బాగేపల్లి దగ్గర ఒక పల్లె. నాకు పదేళ్ళప్పుడు నాయన ఒక సర్వి కొమ్మ తెచ్చి డబ్బాలో నిలిపాడు. బొమ్మల్లో చూసిన మంచులా ఉండాలని మేము దాని నిండా దూది పరిచాం. పండుగ ముందటి రాత్రి, అందరం ఉండగానే, చెట్టుకు కట్టిన చిన్న కొవ్వొత్తి ఒకటి ఒరిగింది. దూది మీద మంట పాకడం కళ్ళు మూసి తెరిచేంత సేపే. మా తమ్ముడు దాన్ని ఆర్పుదామని చెయ్యి పెట్టాడు. అమ్మ తడి గోనెసంచి విసిరి కప్పింది కాబట్టి ఇల్లు దక్కింది. తమ్ముడి అరచెయ్యి మాత్రం నెలా నెలన్నర కట్టులో ఉంది. ఆ తర్వాత రెండేళ్ళు నాయన మా ఇంటి గడప లోపలికి చెట్టును రానివ్వలేదు.

మూడో ఏడు అమ్మ చేసిన చెట్టే నేను మీకు చెప్పబోయేది. దానికి వేరు లేదు, మాను లేదు, నేల మీద చోటు కూడా అక్కరలేదు. ఒంటిగది ఇంట్లో కూడా గోడ మీద నిలుస్తుంది. అమ్మ దాన్ని మల్బరీ కడ్డీలతో చేసింది.

పట్టుపురుగు పెంచే ప్రతి ఇంటికీ తెలుసు. పురుగు ఆకు మేసేసిన తర్వాత కడ్డీలు కట్టలు కట్టలుగా మిగిలిపోతాయి. వాటిని పొయ్యిలో పెడతాం, లేదా దిబ్బలో వేస్తాం. మీకు పురుగు లేకపోతే ఇరుగు పొరుగున అడిగితే కాదనరు. చిటికెన వేలు లావున్నవి, వంకర తక్కువగా ఉన్నవి ఏడు ఏరుకోండి. మల్బరీ దొరకని చోట గట్ల మీద పెరిగే లాంటానా కంప పనికివస్తుంది. దాన్ని ఎంత కోసినా ఏ రైతూ ఏడవడు. కాకపోతే ముళ్ళు గీసెయ్యాలి.

ఇప్పుడు కొలతలు రాసుకోండి. అన్నిటికంటే పెద్ద కడ్డీ 30 అంగుళాలు. తర్వాతది 26. ఆ తర్వాత 22, 18, 14, 10, చివరిది 6 అంగుళాలు. మళ్ళీ చెబుతాను. 30తో మొదలుపెట్టి, ఒక్కొక్కదానికి 4 అంగుళాలు తగ్గించుకుంటూ 6 దాకా రండి. మొత్తం ఏడు కడ్డీలు.

వీటిని నేల మీద పరచండి. పెద్దది కింద, చిన్నది పైన. కడ్డీకీ కడ్డీకీ మధ్య 6 అంగుళాల ఎడం. ఏడు కడ్డీల మధ్య ఆరు ఎడాలు కాబట్టి చెట్టు ఎత్తు సరిగ్గా మూడడుగులు వస్తుంది. ఇప్పుడు గట్టి పురికొస తాడు రెండు తీసుకోండి. ఒకటి ఎడమ వైపు, ఒకటి కుడి వైపు. కింది కడ్డీ కొసకు రెండంగుళాలు లోపలగా తాడు కట్టి, పైకి పోతూ ప్రతి కడ్డీకి ఒక చుట్టు, ఒక ముడి వెయ్యండి. చిన్న కడ్డీ దాటాక రెండు తాళ్ళనూ కలిపి ముడివేసి గోడ మేకుకు తగిలించండి. తాళ్ళు రెండూ పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి చెట్టు ఆకారం దానంతటదే వస్తుంది. కడ్డీ ఒక పక్కకు వాలితే అవతలి ముడిని కొంచెం జరపండి, సరిపోతుంది.

పచ్చదనం కావాలంటే మనకు తెలిసిన మామిడి తోరణమే ఉంది. కడ్డీలకు ఒక వరుస మామిడాకులు గుచ్చి కట్టవచ్చు. ఇంకో ఆకు చెబుతాను. తోటల గట్ల మీద సిల్వర్ ఓక్ చెట్లు ఉంటాయి. రాలిన ఆకును తిరగేసి చూడండి, అడుగు భాగం వెండి పూసినట్టు ఉంటుంది. కొనకుండా దొరికే వెండి అది. తిరగేసి కట్టండి. ఈ ఆకులు ఏవైనా నాలుగైదు రోజులకు ఒకసారి మార్చి, ఎండినవి తీసెయ్యాలి.

ఇక అసలు మాటకు వద్దాం. తళుకు. తళుకు అంటే ఏమిటి? దీపాలు ఎక్కువ పెడితే తళుకు వస్తుందని అనుకుంటాం. కాదు. దీపం వెలుగు ఇస్తుంది. ఆ వెలుగును విరిచి మన కంటికి పంపే చిన్న చిన్న ముఖాలు తళుకు ఇస్తాయి. ఎండలో కదులుతున్న చెరువు నీరు చూడండి. సూర్యుడు ఒక్కడే. కానీ ప్రతి అల ఒక చిన్న అద్దం. అల కదిలినప్పుడల్లా వెలుగు ఒక చోట ఆరి, మరో చోట వెలుగుతుంది. ఆ మార్పునే మనం మిలమిల అంటాం.

దీన్నిబట్టి మూడు సూత్రాలు గుర్తుపెట్టుకుంటే చాలు. మొదటిది, నాలుగు పెద్ద తళుకులకంటే నలభై చిన్న తళుకులు మేలు. రెండవది, దేన్నీ అతికించకండి, ఒంటి దారంతో వేలాడదీయండి. మనిషి పక్క నుంచి నడిచినా, తలుపు తెరిచినా ఆ గాలికి అవి తిరుగుతాయి, తిరిగితేనే మెరుస్తాయి. మూడవది, వెనక చీకటి ఉండాలి. గోడ తెల్లగా ఉంటే ముదురు నీలం చీరో, నల్ల కంబళో వెనక కట్టండి. ట్యూబులైటు ఆర్పెయ్యండి. ఒక్క చిన్న దీపం గదిలో ఒక మూల వెలుగుతున్నా చెట్టంతా మెరుస్తుంది. కరెంటు పోయిన రాత్రి కూడా దూరంగా పెట్టిన లాంతరు వెలుగుకు మెరుస్తుందన్న మాట.

తళుకులకు వస్తువులు ఎక్కడివి? ఇంట్లోవే. బిస్కెట్టు పొట్లం, టీపొడి పొట్లం, చిప్స్ పొట్లం, వీటి లోపలి వైపు వెండిలా ఉంటుంది. సబ్బు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, బొటనవేలంత ముక్కలు కత్తిరించి, ఒకసారి పిడికిట్లో నలిపి విప్పండి. నలిపిన ముక్కకు ముఖాలు ఎక్కువ, మెరుపూ ఎక్కువ. పాత చీర జరీ అంచు పీలికలు, పాడైపోయిన సీడీలు కూడా బాగుంటాయి. సీడీని పిల్లల చేత కత్తిరించవద్దు, అది పగిలి కంట్లో పడుతుంది. అలాగే వేలాడదీస్తే చాలు. పగిలిన అద్దం, పగిలిన గాజులు, మాత్రల అట్టలు మాత్రం వద్దు. పాకే బిడ్డ ఉన్న ఇంట్లో అవి కింద రాలితే ప్రమాదం.

ఇప్పుడు ముందు చెప్పిన పట్టు సంగతి. శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్టు మన జిల్లాలో ఎవరికి తెలియదు? మంచి పట్టుగూడు ఒక్కటి విప్పితే దాదాపు కిలోమీటరు పొడుగున తెగని దారం వస్తుంది. కానీ గుడ్ల కోసం ఉంచిన గూటిలో నుంచి చిలుక బయటికి వచ్చేటప్పుడు గూటికి కన్నం చేస్తుంది. దాంతో దారం తెగి తెగి వస్తుంది. అలాంటి కన్నపు గూళ్ళు నూలు తీయడానికి పనికిరావు. రీలింగు దగ్గర ఏరివేతలో మచ్చ గూళ్ళు, జంట గూళ్ళు కూడా పక్కకు పోతాయి. వీటికి ధర చాలా తక్కువ. మా అమ్మ గూళ్ళు ఏరే పనికి వెళ్ళేది. యజమానిని అడిగి, కొంగు చివర ఒక గుప్పెడు మూటగట్టుకుని వచ్చేది.

ఆ గూటితో పువ్వు చేసే పద్ధతి చెబుతాను, వినండి. చిన్న కత్తెర తీసుకుని గూటి ఒక కొసన కన్నం చెయ్యండి. కన్నపు గూడైతే ఆ పని తప్పుతుంది. లోపలి ప్యూపా గానీ, దాని పొట్టు గానీ పూర్తిగా దులిపెయ్యాలి. ఇది మరిచిపోవద్దు. లోపల ఉండిపోతే వాసన వస్తుంది, చీమలు పడతాయి. తర్వాత కన్నం దగ్గర నుంచి కిందికి, మూడింట రెండు వంతుల దాకా ఐదు చీలికలు కత్తిరించండి. ఒక్కొక్క రేకును వేలితో మెల్లగా బయటికి వంచండి. ఐదు రేకుల పువ్వు తయారు. నడుమ ఒక వెండి కాగితం ఉండ పెట్టి, తొడిమ వైపు సూదితో దారం ఎక్కించండి. కోలారు సీమ గూళ్ళకు సహజంగానే పసుపు ఛాయ ఉంటుంది, తెల్ల గూళ్ళూ ఉన్నాయి. ఇంకా రంగు కావాలంటే గోరువెచ్చని పసుపు నీళ్ళలో ముంచి తీసి నీడన ఆరబెట్టండి. వేడి నీళ్ళలో ఉంచితే గూటి జిగురు కరిగి మెత్తబడిపోతుంది, జాగ్రత్త. పట్టు వెలుగును పట్టుకునే తీరు వేరు. అది తగరంలా కళ్ళల్లో గుచ్చదు, నిండుగా వెలుగుతుంది. రెండూ కలిపి కడితే చెట్టుకు అందం.

ఇంకా మన పొలాలే అంగళ్ళు. సర్వి చెట్టు కొట్టకూడదన్నాను గానీ, దాని కింద రాలిన చిన్న కాయలు ఏరుకోవచ్చు. అవి సీమ దేశపు పైను కాయలకు అచ్చు తమ్ముళ్ళు. శెనక్కాయలు రెండు గింజలవి ఏరి దారానికి గుచ్చితే దండ అవుతుంది. పండుగ అయ్యాక ఒలుచుకు తినవచ్చు కాబట్టి వాటికి రంగు వెయ్యకండి. కళ్ళంలో రాగి గడ్డి ఉంటుంది. ఒక రాత్రి తడిగుడ్డలో చుట్టి ఉంచితే విరగకుండా వంగుతుంది. జానెడు ముక్కలు నాలుగు తీసుకుని, నడుమ ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి, ఎర్ర దారంతో బిగించి కట్టండి. ఎనిమిది కొసల చుక్క వస్తుంది. స్వీడన్ వంటి ఉత్తర దేశాల్లో గోధుమ గడ్డితో ఇలాంటివే చేసి చెట్టుకు కడతారు. ఈ ఏటి పంట కంకి ఒకటి చెట్టు శిఖరాన కట్టడం మా ఇంటి అలవాటు.

వాకిట్లో నక్షత్రం లేనిదే మన తెలుగు ఇళ్ళలో క్రిస్మస్ లేదు. అదీ చేసుకోవచ్చు. రెండడుగుల వెదురు బద్దలు పది కావాలి. ఐదు బద్దలతో, బడిలో పలక మీద గీసినట్టు, చెయ్యి ఎత్తకుండా గీసే ఐదు కొనల చుక్కను కట్టండి. అలాంటిది ఇంకొకటి కట్టండి. రెండిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొనల దగ్గర గట్టిగా ముడివెయ్యండి. లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే ఐదు చోట్లా నాలుగంగుళాల పుల్లలు అడ్డంగా నిలిపితే నక్షత్రం ఉబ్బుతుంది. దాని మీద రంగు కాగితం మైదా గంజితో అంటించండి. ఒక ముఖం వెనక బల్బు పెట్టడానికి చోటు వదలండి. పాత 60 వాట్ల గాజు బల్బు వద్దు, దాని వేడికి కాగితం మాడుతుంది. రెండు మూడు వాట్ల ఎల్.ఇ.డి. బల్బు చాలు.

ఇక దీపాల సంగతి. మన వాళ్ళు సీరియల్ సెట్టు అంటారు. ఆ పేరు ఎందుకు వచ్చింది? బల్బులు ఒకదాని వెంట ఒకటి వరుసగా ఒకే దారిలో ఉంటాయి కాబట్టి. ఇంటి కరెంటు 230 వోల్టులు. పాత సెట్టులో ఆరు వోల్టుల చిన్న బల్బులు నలభై దాకా కలిపి, ఆ 230 వోల్టులనూ పంచుకునేటట్టు చేసేవారు. అందుకే ఒక్కటి మాడితే వరుసంతా ఆరిపోయేది. మాడిన బల్బు తీసేసి తీగలు కలిపేస్తే మళ్ళీ వెలుగుతుంది గానీ, దాని వాటా మిగతా వాటి మీద పడుతుంది. అలా నాలుగైదు తీసేస్తే మిగిలినవి వేడెక్కి గబగబా మాడతాయి. ఆ పని చెయ్యకండి.

నేడు దొరికే ఎల్.ఇ.డి. సెట్లు ఖర్చు తక్కువ. ఐదు వాట్ల సెట్టును రోజుకు ఐదు గంటల చొప్పున పన్నెండు రోజులు వెలిగిస్తే 300 వాట్-గంటలు, అంటే ఒక యూనిట్టులో మూడో వంతు కూడా కాదు. పాత 40 వాట్ల సెట్టయితే అదే వెలుతురుకు రెండు యూనిట్లు దాటుతుంది. కానీ ఒక మాట. ఎల్.ఇ.డి. అయినా గోడ ప్లగ్గులో పెట్టే సెట్టులో తీగ తెగిన చోట ముట్టుకుంటే షాకు కొడుతుంది. బల్బు చిన్నది కదా అని తేలికగా చూడవద్దు.

ఇంకొక ముఖ్యమైన జాగ్రత్త. వెండి కాగితం కరెంటును పోనిస్తుంది. కాబట్టి తీగ ఉన్న కడ్డీకి వెండి కాగితం కట్టకండి. మన ఏడు కడ్డీల చెట్టులో ఒకటి, మూడు, ఐదు, ఏడు కడ్డీలకు తళుకులు, పువ్వులు. రెండు, నాలుగు, ఆరు కడ్డీలకు దీపాల తీగ. పై కడ్డీ నుంచి దించిన దారం కింది తీగకు తగలకుండా మూడు నాలుగు అంగుళాలకు మించనివ్వకండి. తీగ చుట్టేటప్పుడు ప్లగ్గు బయటికి తీసి ఉండాలి. అతుకులకు టేపు ఉండాలి. పడుకునే ముందు, ఇల్లు వదిలి చర్చికి వెళ్ళే ముందు స్విచ్చి ఆర్పాలి. పొద్దున మంచు కురిసే రోజులు కాబట్టి బయట నక్షత్రం చూరు కిందే ఉండాలి. కొవ్వొత్తి మాత్రం చెట్టు దగ్గరికే రాకూడదు. వెలిగించుకోవాలంటే పళ్ళెంలో ఇసుక పోసి, గదికి ఆ చివర. ఇక దూది మంచు. మన నంది కొండ మంచు ఎప్పుడూ దూదిలా కొమ్మల మీద నిలవదు. మనకు లేని మంచు కోసం ఇంట్లోకి నిప్పును పిలవడం ఎందుకు?

చివరగా లెక్క. మూడు వందల రూపాయల గీత గీసుకుందాం. దీపాల సెట్టుకు 150 లోపు. నక్షత్రం బల్బు, హోల్డరుకు 90. రంగు కాగితం, దారం, పురికొసకు 60. అంతే, మూడు వందలు. ధరలు అంగడి అంగడికీ మారతాయి కాబట్టి రెండు మూడు చోట్ల అడగండి. నిరుటి సెట్టు వెలుగుతుంటే ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. మిగతా అంతా చేను, చెత్తబుట్ట, ఇంటి అటక ఇస్తాయి.

ఈ గీత ఎందుకు గీసుకోవాలో కూడా చెప్పాలి. పండుగ ముందు వారపు కంతు ఇచ్చేవాళ్ళు వీధిలోకి వస్తారు. ఒక లెక్క చూడండి. చేతికి 4,500 రూపాయలు ఇచ్చి, వారానికి 500 చొప్పున పది వారాలు కట్టమంటే, కట్టేది 5,000. పది వారాలకు 500 వడ్డీ. ఏముందిలే అనిపిస్తుంది. కానీ డిసెంబరు నడుమ తీసుకున్న ఆ డబ్బుతో కొన్న చెట్టు సంక్రాంతికి అటక ఎక్కుతుంది, కంతు మాత్రం ఫిబ్రవరి చివరి దాకా వారం వారం గుమ్మంలో నిలబడుతుంది. పురుగు పంట ఒక్కటి చెడితే ఆ కంతుకు ఇంకో కంతు. బిడ్డ సంతోషానికి చేసిన అప్పు బిడ్డ బడి ఫీజు దగ్గరికి వచ్చి ఆగుతుంది. మన ఊళ్ళలో ఇది కొత్త మాట కాదు.

“చెట్టు కావాలి” అన్న బిడ్డ అడిగేది ప్లాస్టిక్కును కాదని నా అనుభవం. ఆ రోజుల్లో ఇంట్లో అందరూ ఒక చోట కూర్చుని ఏదో ఒకటి చెయ్యాలి, దానిలో తన చెయ్యి కూడా ఉండాలి. అందుకే పని పంచండి. కడ్డీలు కోసేది నాయన. ముడులు వేసేది అమ్మ. దండ గుచ్చేది అవ్వ, ఆమె చేతికి సూది అందించేది మనుమరాలు. వెండి కాగితం నలిపే పని అందరికంటే చిన్నవాడిది. ఎంత చిన్న పిల్లవాడైనా దాన్ని మనకంటే బాగా చేస్తాడు. పక్కింటివాళ్ళు క్రైస్తవులు కాకపోయినా వాళ్ళ పిల్లలను పిలవండి. సంక్రాంతికి వాళ్ళ ముగ్గు దగ్గర మన పిల్లలు కూర్చుంటారు కదా.

మా ఇంట్లో ఆ మూడో ఏడు అమ్మ గోడకు కడ్డీలు కట్టిన రోజున మా తమ్ముడు గదిలోకి రాలేదు. గడప బయటే నిలబడి చూశాడు. అమ్మ వాణ్ణి రమ్మని అనలేదు. ఒక పట్టుగూటి పువ్వు తీసి గడప మీద పెట్టి తన పని చేసుకుంటూ పోయింది. చాలాసేపయ్యాక వాడు వచ్చి, మచ్చ పడిన ఆ చేత్తోనే పువ్వును అందుకుని, అన్నిటికంటే కింది కడ్డీకి కట్టాడు. “ఇక్కడ నిప్పు పెట్టరు కదమ్మా?” అని అడిగాడు. “పెట్టం నాయనా. ఈ చెట్టుకు అక్కరలేదు” అంది అమ్మ. నాయన లేచి వెళ్ళి లాంతరును గది అవతలి మూలన పెట్టాడు. ఆ వెలుతురుకే చెట్టంతా మెరిసింది.

పండుగ అయ్యాక తాడు విప్పకుండా కడ్డీలను ఒకదాని మీద ఒకటి చేర్చి చాపలా చుట్టి అటక మీద పెట్టుకోండి. వచ్చే ఏడు మేకు ఒక్కటే కావాలి. పట్టు పువ్వులను రెండు వేపాకులతో డబ్బాలో వేసి మూత పెట్టండి. రాగి కంకిని కోళ్ళకు వెయ్యండి. శెనక్కాయలు పిల్లలకు ఇవ్వండి.